నాలుగు కుట్లు ఎక్కువ

ఈ భూమ్మీద ఇప్పటిదాకా పుట్టిన పిల్లలందరికీ స్వెటర్లు అల్లమని ఎవరైనా అడిగి ఉంటే మా అమ్మమ్మ అల్లేసి ఉండేది. అడగాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు, అందుకని పదిమందితో ఆగింది. చలి మా వీధిలోకి రావాలంటే ముందు మా కిటికీ వైపు తొంగిచూసేది. అమ్మమ్మ చేతిలో సూదులుంటే చప్పుడు చేయకుండా పక్క వీధికి పోయేది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. కాస్త సాగదీశానంతే. సాగదీయడం ఆవిడ స్వెటర్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఆ పదిమంది ఎవరంటే, ఆవిడ కన్న నలుగురు, వాళ్లు కన్న ఆరుగురు. ఆరుగురిలో నేను నాలుగోదాన్ని. ప్రతి బిడ్డా ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆవిడ అల్లిన స్వెటర్లోనే. కొన్న స్వెటర్ తొడుక్కుని ఈ ఇంటి గడప దాటిన పసిపిల్ల ఇంతవరకు లేదు.

అయితే ఆ స్వెటర్లలో ఒక చిత్రం ఉంది. అమ్మమ్మ తొలి బిడ్డ, అంటే మా పెద్దమ్మ వేసుకున్నది ఇప్పటికీ రేకు పెట్టెలో భద్రంగా ఉంది. రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. తర్వాత పుట్టినవాళ్లది కొంచెం వెడల్పు. ఆ తర్వాత వాళ్లది ఇంకొంచెం. పొడుగు అందరికీ ఒకటే, వెడల్పే పెరుగుతూ వచ్చింది. నేను నాలుగో తరగతి గ్రూపు ఫొటోలో వేసుకున్నది పుట్టినప్పుడు నాకు తొడిగిన స్వెటరే. పొడుగు చాలక బొడ్డు కనబడుతోందని ఫొటో తీసేవాడు నన్ను వెనక వరుసలో నిలబెట్టాడు. నా తర్వాత పుట్టిన పెద్దమామయ్య చిన్నకొడుకు, వాడి ఎలుగుబంటి బొమ్మ, ఇద్దరూ కలిసి ఒకే స్వెటర్లో దూరి ఇల్లంతా తిరిగేవాళ్లు.

"ఇదేంటమ్మా, పడవ తెరచాపలా ఉంది?" అని మా అమ్మ అడిగితే, "పిల్లలు ఎదగరా? నువ్వు ఎదగలేదా? ఇప్పుడు చూడు, తలుపులో పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది" అని అమ్మమ్మ నోరు మూయించేది. ఒకసారి ఉన్ని లావుగా వస్తోందనేది, ఇంకోసారి సూదులు మునపటివి కావనేది. అసలు కారణం మాకెవరికీ తెలియదు. ఆవిడక్కూడా తెలియదని ఈమధ్యే బయటపడింది.

అమ్మమ్మ ముప్పై ఒక్క ఏళ్లు కాన్పుల వార్డులో ఆయాగా పనిచేసింది. ఊళ్లో సగంమంది ఆవిడని "ఆయమ్మా" అనే పిలుస్తారు. రెండో సగం పిలవరు, ఎందుకంటే వాళ్లు ఆవిడ చేతుల్లోకే పుట్టారు, అప్పటికి మాటలు రావు. వార్డు కిటికీల అద్దాలు పగిలి ఉండేవట. పసిపిల్లల్ని ఏ దుప్పటి ముక్కలోనో చుట్టి పడుకోబెట్టేవాళ్లట. తల మీద ఏమీ లేని బిడ్డ కనబడితే అమ్మమ్మకి చెయ్యి ఆగేది కాదు. మిగిలిపోయిన ఉన్నితో, ఏ రంగు దొరికితే ఆ రంగుతో, టోపీ అల్లి పెట్టేసేది. సగం ఎరుపు, సగం ఆకుపచ్చ, పైన కొంచెం గోధుమరంగు. పది రోజుల వయసులో వాళ్లకి అద్దం ఎవరు చూపిస్తారని ధైర్యం.

ఇప్పటికీ ఆవిడతో బజారుకి వెళ్తే గంట పనికి రెండు గంటలు పడుతుంది. మొన్న మందుల షాపు దగ్గర మీసాలున్న ఒక లావుపాటి మనిషిని వాళ్లమ్మ లాక్కుని వచ్చింది.

"ఆయమ్మా, వీడే. నువ్వు టోపీ పెట్టింది వీడికే. ఆ చలికి బతికి బట్టకట్టాడంటే నీ చలవే."

అమ్మమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఏదీ, తల వంచు." అంత మనిషీ నడిరోడ్డు మీద తల వంచాడు. ఆవిడ మాడు తడిమి, "అప్పుడే జుట్టు రాలుతోంది, మళ్లీ టోపీ కావాలి నీకు" అంది. అతను నవ్వాడు. వాళ్లమ్మ మాత్రం అమ్మమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆవిడ ఉండేది సైకిల్ రిపేరు షాపు పైన రెండు గదుల్లో. నేనూ మా అమ్మా పక్క వాటాలో ఉంటాం. పగలంతా కింద సైకిల్ చువ్వలు టింగుమంటుంటాయి, పైన ఆవిడ సూదులు టిక్కుమంటుంటాయి. అల్లేటప్పుడు ఆవిడ పెదాలు కదులుతూనే ఉంటాయి, మాట బయటికి రాదు. ఏదో ప్రార్థన చేస్తోందనుకునేవాళ్లం. ఆ కాసేపు మాలో ఎవరం పలకరించేవాళ్లం కాదు. ఎంత భక్తి, ఎంత భక్తి అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఇలా ఉండగా మా చిన్నమామయ్య పెళ్లి చేసుకున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి, ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. "కొడుకు పెళ్లిని ఆట స్కోరు విన్నట్టు ఫోన్లో విన్నాను" అని అమ్మమ్మ ఏడాదిపాటు కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. కొడుకు వచ్చి కాళ్లావేళ్లా పడితే ఓ పదిరోజులకి మాట్లాడింది. కోడలితో మాత్రం మాట్లాడలేదు. తిట్టనూ లేదు. అసలు ఆ మనిషి అక్కడ లేనట్టే ఉండేది. తిడితే బాగుండేదేమో.

ఆ కోడలే మా కాయిలత్త. పేరు నేను పెట్టిందే. వాళ్ల నాన్నకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన పంపుమోటార్లు, ఫ్యాన్లు, గ్రైండర్లు వస్తే పాత రాగితీగ పీకేసి కొత్త తీగ కాయిల్‌గా చుట్టి పంపుతారు. వాళ్లమ్మ చిన్నప్పుడే పోయింది. అత్త ఆ షాపులో బల్ల కింద ఆడుకుని, తర్వాత అదే బల్ల మీద పనికి కూర్చుంది. తీగ చుట్టడంలో ఆవిడని మించినవాళ్లు లేరని చిన్నమామయ్య అంటాడు. ఆయన మాట నమ్మక్కర్లేదు, ఆయన చెడిపోని ఫ్యాను కూడా తీసుకెళ్లి ఆ షాపులో ఇచ్చిన మనిషి. కానీ ఆవిడ చేతులు నేనూ చూశాను. నూట ఇరవై చుట్లంటే నూట ఇరవయ్యే. పక్కన ఎవరు అరిచినా లెక్క తప్పదు.

అత్తకి ఆరో నెల వచ్చేసరికి డాక్టరు ఒకటే మాట చెప్పింది. కాయిళ్లకి పూసే వార్నిష్ వాసన పడదు, షాపుకి దూరంగా ఉండాలి. ఉండే గదేమో షాపు వెనకే. అందుకని చిన్నమామయ్య ఆవిడని అమ్మమ్మ దగ్గర దింపి, తను ఆదివారాలు వచ్చిపోయేలా పనికి వెళ్లిపోయాడు. అత్త తన పెట్టె తీసుకొచ్చి తలుపు పక్కన పెట్టింది. బీరువాలో ఒక అర ఖాళీగానే ఉంది. నెల గడిచినా పెట్టె అక్కడి నుంచి కదల్లేదు. కావలసిన బట్ట తీసుకోవడం, మళ్లీ మూత వేసేయడం.

"ఎందుకత్తా ఈ అవస్థ?" అని అడిగాను.

"కాన్పయ్యాక ఆస్పత్రి నుంచి నేరుగా నాన్న దగ్గరికే పోతాను. షాపుకి కొంచెం దూరంగా గది చూస్తానన్నాడు. మీ మామయ్యకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు" అంది. కోపంగా అనలేదు. మోటారు బాగుచేయడం కుదరదని షాపుకొచ్చినవాళ్లకి చెప్పినట్టు చెప్పింది.

నాకు దిగులేసింది. అప్పటికే ఆవిడంటే నాకు ఇష్టం. నేను మూడుసార్లు తప్పిన లెక్కల్ని వేళ్ల మీద చేసి చూపించిన మొదటి మనిషి ఆవిడ. పైగా ఇంట్లో రాయబారాలన్నీ నేనే మోయాలి.

"ఆ అమ్మాయిని అడుగు, టీ తాగుతుందేమో" అనేది అమ్మమ్మ, అత్తకి మూడడుగుల దూరంలో కూర్చుని.

"తాగుతానని చెప్పు" అనేది అత్త.

"తాగుతుందట."

"చక్కెర ఎంతో అడుగు."

"ఒక చెంచా అని చెప్పు."

"ఒక చెంచాట. మీ ఇద్దరికీ చెవులున్నాయి కదా, నన్నెందుకు చంపుతారు?"

ఇద్దరూ ఒకేసారి నన్ను చూసి, "నోరు ఎక్కువైంది దీనికి" అనేవాళ్లు. ఆ ఒక్క విషయంలో మాత్రం అత్తాకోడళ్లిద్దరూ ఒక్కటే.

మాట లేకపోయినా అమ్మమ్మ స్వెటర్ మాత్రం మొదలుపెట్టింది. లేత పసుపు ఉన్ని. "బిడ్డేం చేసింది పాపం" అని మా అమ్మతో అంది. అత్త వినేలాగే అంది. వెనక భాగం నెలలో పూర్తయింది. ముందు భాగం రెండువేళ్ల ఎత్తు అల్లింది.

అంతలో ఒకరోజు వాన పడింది. ఆరేసిన ఉన్ని తీయడానికి మేడమీదకి వెళ్లి, దిగేటప్పుడు తడి మెట్ల మీద కాలు జారింది. ఎడమ మణికట్టు విరిగింది. మేం పరిగెత్తి వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని, కుడిచేతిలో ఉన్నిని దీపంలా పైకెత్తి పట్టుకుని ఉంది. "ముందు ఇది పట్టుకోండి, తడుస్తుంది" అంది. తర్వాతే అబ్బా అంది.

ఆరు వారాలు పిండికట్టు ఉండాలన్నారు. కాన్పుకి అయిదు వారాలే ఉంది.

ఆవిడకి చెయ్యి నొప్పి కాదు బాధ. ఇంటికి వచ్చే పదకొండో బిడ్డ తన స్వెటర్ లేకుండా గడప దాటుతుందేమోనని. అన్నం మానేసి కిటికీ దగ్గర కూర్చుంది. మా అమ్మ సూదులు పట్టుకుంది. మా అమ్మ అల్లితే జల్లెడ అవుతుంది, అందులో పిండి జల్లించుకోవచ్చు. నేను పట్టుకుని, పాత ఉన్నితో విడిగా ఒక ముక్క మొదలుపెట్టాను. నాలుగు రోజుల్లో అది సన్నబడుతూ సన్నబడుతూ చివరికి మొనదేలింది.

"ఇది ఎవరికే?" అంది అమ్మమ్మ. "పాముపిల్లకా?"

విప్పేశాం. పెద్దమ్మకి పంపిద్దామంటే, ఆవిడ ఉండే ఊరు దూరం, దారిలో పోతే ఎవరిది పూచీ అని అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం గదిలో అందరం మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే అత్త గోడకి ఆనుకుని లేచి వచ్చింది. నా చేతిలోంచి సూదులు తీసుకుంది.

"ఎలా పట్టుకోవాలో అడుగు" అంది నాతో.

అమ్మమ్మ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. తర్వాత, "కుడిచేతి సూది లోపలికి పోనిమ్మను" అంది.

"ఎటువైపు నుంచో అడుగు."

"ఎడమ నుంచని చెప్పు."

"దారం పైనుంచా, కిందనుంచా?"

నేను ఇటూ అటూ తల తిప్పి తిప్పి మెడ పట్టేసి, "టీ పెడతాను" అని లేచిపోయాను. తిరిగొచ్చేసరికి, "అలా బిగించకు తల్లీ, అది ఇనుము కాదు" అంటోంది అమ్మమ్మ. "ఇలాగా?" అంటోంది అత్త. ఉన్ని జారిపోతుంటే రాయబారి వచ్చేదాకా ఎవరు ఆగుతారు! నేను టీ గ్లాసులు అక్కడ పెట్టి, గాలి కూడా పీల్చకుండా కూర్చున్నాను.

ఆ విడి ఉన్ని మీద మూడు రోజుల్లో అత్తకి చెయ్యి కుదిరింది. నాలుగో రోజున వచ్చింది తంటా. వైండింగ్ చేసే మనిషి కదా, ఏది ముట్టుకున్నా లెక్కపెట్టకుండా ఉండలేదు. అమ్మమ్మ అల్లిన రెండు ముక్కల్నీ ఒళ్లో పరుచుకుని వేలితో ఒక్కొక్క కుట్టూ లెక్కబెట్టింది. మళ్లీ లెక్కబెట్టింది.

"అత్తయ్యా, వెనక భాగం నూట ఎనిమిది కుట్లు. ముందు భాగం నూట పన్నెండు."

"ఊఁ."

"నాలుగు ఎక్కువున్నాయి."

"ఉంటే ఉన్నాయి. లాగితే సర్దుకుంటాయి."

"కాయిల్లో నాలుగు చుట్లు తేడా వస్తే మేం సర్దుకుంటుందని వదిలేయం."

"అది మోటారు. ఇది స్వెటరు. తిరగదు."

"తిరక్కపోయినా లెక్క తప్పితే తప్పే కదండీ."

అంతే. అమ్మమ్మ కుర్చీలో నిటారుగా అయిపోయింది. ఆవిడ వయసుని ఏమన్నా ఊరుకుంటుంది, వంటని ఏమన్నా ఊరుకుంటుంది. అల్లికని అంటే ఊరుకోదు.

"నా లెక్క తప్పిందా? నలభై ఆరేళ్ల నుంచి తప్పలేదు, ఇవాళ తప్పిందా? ఇటు తే!"

ముక్క లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. కుడిచేతి చూపుడువేలు మొదటి కుట్టు మీద పెట్టింది. పెదాలు కదిలాయి. ఈసారి కోపంలో మాట బయటికే వచ్చేసింది.

"నేను. ఆయన. మా అమ్మ. మా నాన్న. మా అత్త. మా మామ. మా అన్న. మా పెద్దచెల్లి. మా చిన్నచెల్లి..."

మా అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "అమ్మా, నువ్వు ఇన్నాళ్లూ చేసే ప్రార్థన ఇదా?"

"ప్రార్థనెవరు చేశారు? నాకంత తీరికెక్కడిది? మధ్యలో మాట్లాడకు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అమ్మమ్మ వార్డులో చేరిన కొత్తలో, పెద్దమ్మ కడుపులో ఉండగా, పెద్దనర్సు ఆవిడకి అల్లడం నేర్పింది. యాభై ఆరు కుట్లు వెయ్యమంది. కానీ వార్డులో యాభై ఆరు దాకా ఎవరు లెక్కపెట్టనిస్తారు? ముప్పై దగ్గరుండగా "ఆయా, వేణ్ణీళ్లు!" అని ఒకరు, నలభై దగ్గరుండగా "ఆయా, దుప్పటి!" అని ఒకరు. వెళ్లి వచ్చేసరికి అంకె పోయేది. మళ్లీ మొదటి నుంచి. విసుగొచ్చి ఒకరోజు అంకెలు మానేసి ఇంట్లోవాళ్లని చెప్పుకుంటూ వేసింది. పుట్టబోయే బిడ్డతో కలిపి పద్నాలుగు మంది. నాలుగుసార్లు చెబితే సరిగ్గా యాభై ఆరు.

"పిలుపొచ్చి లేచి వెళ్లినా, మా చిన్నచెల్లి దగ్గర ఆగానని గుర్తుండేది. అంకె ఎవరికి గుర్తుంటుంది? దానికి మొహమా, మాటా?" అంది అమ్మమ్మ.

ఆ తర్వాత ఆవిడ యాభై ఆరు అన్న మాట మర్చిపోయింది. మనుషుల్ని మాత్రం మర్చిపోలేదు. ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు కోడలిగా అల్లుడిగా వచ్చినా, వచ్చిన వరసలో చివర చేర్చుకుంటూ పోయింది. ఒక్కొక్కరికి నాలుగేసి కుట్లు.

మా అమ్మ వేళ్లు మడిచి లెక్కేసి పగలబడి నవ్వింది. "అంటే మేం పెళ్లిళ్లు చేసుకునే కొద్దీ, పిల్లల్ని కనే కొద్దీ స్వెటర్లు వెడల్పవుతూ వచ్చాయా? పెద్దోడి కొడుకు స్వెటర్లో ఇద్దరు పట్టేది అందుకా?"

అమ్మమ్మ నోరు తెరుచుకుని చూసింది. "అందుకా?" అంది ఆవిడ కూడా.

"మరి నాన్న పోయి ఎనిమిదేళ్లయింది. అమ్మమ్మా, నాన్నమ్మా, తాతయ్యలిద్దరూ ఎప్పుడో పోయారు. వాళ్లు కూడా ఉన్నారా?"

"పోతే? వరసలోంచి లేవమంటానా?"

"నువ్వు మొదటి కుట్టా అమ్మమ్మా?" అన్నాను నేను.

"మరి? నేను లేకపోతే వీళ్లంతా దేనికి వేలాడతారే?"

నేనూ అమ్మా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ చూస్తే అత్త నవ్వడం లేదు. ఆవిడ లెక్క ఇంకా పూర్తి కాలేదు.

"నూట ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే ఇరవై ఏడు" అంది నెమ్మదిగా. "నూట పన్నెండుని భాగిస్తే ఇరవై ఎనిమిది. ముందు భాగంలో ఒక మనిషి ఎక్కువున్నారు. ఎవరు?"

కింద సైకిలు షాపులో ఎవరో గాలి కొడుతున్నారు. అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకోబోయింది. ఒక్క చేత్తో కుదరక మళ్లీ పెట్టుకుంది.

"వెనక భాగం చివరిదాకా చెప్పండత్తయ్యా."

అమ్మమ్మకి అబద్ధం చెప్పడం రాదు. అది నాకొచ్చింది, ఆవిడకి రాలేదు. వేలు జరుపుకుంటూ వెళ్లింది. పెద్దమామయ్య చిన్నకొడుకు దగ్గర, అంటే ఇరవై ఆరో కుట్టు దగ్గర ఆగింది. "వీడి తర్వాత, నీ కడుపులో ఉన్నది."

"అంటే బిడ్డ ఉంది. నేను లేను."

"లేవు" అంది అమ్మమ్మ.

నేను తలుపు పక్కనున్న పెట్టె వైపు చూశాను. మా అమ్మ నా వైపు చూసింది.

"ముందు భాగం?"

"అందులో ఉన్నావు. వాడి తర్వాత నువ్వు. నీ తర్వాత అది." అమ్మమ్మ వేలు ఒక కుట్టు మీద నిలిచింది. "ఇది నువ్వు. ఇక్కడ ఇంకోటి. అక్కడ, అక్కడ. నాలుగు."

"రెండు భాగాలకీ మధ్యలో ఏమైంది?"

"ఉన్ని చిక్కుపడింది."

అది నాకూ తెలుసు, చిక్కు పెట్టింది నేనే కాబట్టి. వెనక భాగం పూర్తయిన రోజున కొత్త ఉన్ని కట్ట విప్పబోయి దాన్ని పిట్టగూడు చేసి, ఎవరికీ కనబడకుండా మంచం కిందికి తోసేశాను. మర్నాడు అది బల్లమీద చక్కటి ఉండై ఉంది. వరస మీద వరస, ఒక పోగు కూడా పక్కకి తప్పకుండా, అచ్చం కాయిల్‌లా. తెగిన చోటు ఒక్కటి లేదు. అంత చిక్కు తీయాలంటే ఒక పూట పైనే పడుతుంది, అదీ ఎనిమిదో నెల పొట్టతో.

"చూడగానే తెలిసింది ఈ చెయ్యి ఎవరిదో" అంది అమ్మమ్మ. "నేనే చేశానని చెబుతావేమోనని రోజంతా చూశాను. చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ సాయంత్రం ముందు భాగం మొదలుపెట్టాను. వాడి దగ్గరికొచ్చాక నోట్లోంచి నువ్వే వచ్చేశావు. నేనేం చెయ్యను?"

అత్త ఆ కుట్టుని బొటనవేలితో రాస్తూ ఉంది.

"ఆ వెనకది విప్పెయ్" అంది అమ్మమ్మ ఉన్నట్టుండి. "మొత్తం విప్పెయ్. నిన్ను కలిపి మళ్లీ మొదలుపెడదాం. ఏడాదిపాటు ఇంట్లో మనిషిని మనిషిలా చూడలేదు నేను. ఆ ముక్క నా కళ్లముందు ఉండకూడదు."

"విప్పను."

"అదేంటి?"

"ఇంకా నాలుగు వారాలే ఉంది. విప్పితే పాప ఒట్టి ఒంటితో వస్తుంది." అత్త కాస్త ఆగింది. "అయినా ఆ లెక్క నా వైపు నుంచీ అంతే కదండీ. మీరు నన్ను వేసుకోలేదు, నేనూ ఈ ఇంటిని వేసుకోలేదు. ఆస్పత్రి నుంచి నేరుగా నాన్న దగ్గరికి పోదామనుకున్నాను."

"తెలుసు. ఆ పెట్టెని రోజూ దాటుకునే కదా నడుస్తున్నాను."

"మరి ఆపలేదేం?"

"ఏ మొహంతో ఆపను?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ ఆ పసుపు ముక్క వైపే చూస్తున్నారు. మా అమ్మ ముక్కు చీదింది. ఆవిడ ఏ చిన్నదానికైనా చీదుతుంది, అది లెక్కలోకి రాదు.

తర్వాత అత్త ముందు ముక్కని తిరగేసి, బోర్లా పెట్టి, మడతపెట్టి చూసింది. ఆవిడ మొహంలో పనిమనిషి, అంటే పని తెలిసిన మనిషి, కనబడింది. "ఇది రెండువేళ్ల ఎత్తే కదా. దీన్ని విప్పి, నూట పన్నెండునీ రెండు సగాలు చేద్దాం. యాభై ఆరు ఇటు, యాభై ఆరు అటు. మధ్యలో తెరిచి గుండీలు పెడదాం. గుండీల దగ్గర ఒక సగం ఇంకో సగం మీదికి నాలుగు కుట్లు ఎక్కాలి. అప్పుడు వెనకదానికి సరిగ్గా సరిపోతుంది."

అమ్మమ్మ ఆ ముక్కని వేలితో తడిమి చూసింది. ఆవిడ స్వెటర్లన్నీ తలమీంచి తొడిగేవే. గుండీలు ఆవిడకి గిట్టవు. "అంటే ఆ నాలుగూ తీయక్కర్లేదా?"

"తీయక్కర్లేదు. అవి లేకపోతే గుండీ ఎక్కడ పెడతాం?"

"అయితే పెట్టు" అంది అమ్మమ్మ. తర్వాత నా మీద విరుచుకుపడింది. "అలా కూర్చున్నావేం? మీ అత్త బట్టలు తీసి బీరువాలో సర్దు. నలిగిపోతున్నాయి."

ఆ పని నేను పరిగెత్తుకుంటూ చేశాను. నా జీవితంలో పరిగెత్తి చేసిన ఇంటిపని అదొక్కటే.

ఆ తర్వాత రోజూ వాళ్లిద్దరూ కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. అత్త అల్లుతుంటే అమ్మమ్మ పేర్లు చెప్పేది. అత్త తనకి అంకెలు చాలంటే ఒప్పుకునేది కాదు. "మా మామ అంటే ఎవరో తెలుసా నీకు? తెలియకుండా కుట్టు ఎలా వేస్తావు?" అని ఆయన కథంతా చెప్పేది. అలా ఒక్కొక్క కుట్టుకీ ఒక్కొక్క మనిషి వచ్చి కూర్చునేవాడు. మా అమ్మకి కూడా తెలియని సంగతులు అత్తకి తెలిశాయి. తాతయ్యకి తేలుకుట్టిన సంగతీ, పెద్దచెల్లి దొంగతనంగా నాటకం చూడ్డానికి పోయిన సంగతీ. పదిరోజులకి అత్త పొద్దున్న పళ్లు తోముకుంటూ ఎవరినో తలుచుకుని నవ్వుకోవడం చూశాను. ఎప్పుడో పోయిన, తను కళ్లతో చూడని ముసలాయన్ని తలుచుకుని!

పాప అనుకున్నదానికంటే ఆరు రోజులు ముందు వచ్చింది. అప్పటికి అయిదు గుండీల్లో మూడే కుట్టారు. మిగతా రెండూ మా అమ్మ ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని కుట్టింది, ఒకటి తలకిందులుగా. గుండీ తలకిందులుగా ఎలా కుడతారో నన్నడక్కండి, మా అమ్మని అడగండి.

ఇంటికి బయల్దేరే ముందు పాపకి స్వెటర్ తొడిగారు. అమ్మమ్మతో కలిసి పనిచేసిన ముసలి నర్సు ఒకావిడ చూడ్డానికి వచ్చింది. పాపని చూసి, స్వెటర్ని చూసి, "ఆయమ్మా, ఇది బిడ్డకా, బిడ్డ తండ్రికా?" అంది.

"బిడ్డకే" అంది అమ్మమ్మ. "లోపల ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. చోటు అక్కర్లేదా?"

నర్సుకి అర్థం కాలేదు. అత్తకి అయింది. పాపకి ఆ స్వెటర్ని ఒకసారి చుట్టి, మిగిలింది మళ్లీ వెనక్కి మడిచి, బొంతలా ఒళ్లో పెట్టుకుంది. చిన్నమామయ్య ఆటో తెచ్చాడు. అత్త వాళ్ల నాన్న గది చూశాడని, దాన్ని అత్త వద్దందని మామయ్యకి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. చదవడులెండి.

ఆటోలో అత్త ఎక్కాక, అమ్మమ్మ పిండికట్టు చెయ్యి గుండెలకి ఆనించుకుని పక్కన ఎక్కింది. డ్రైవరు ఎటు పోవాలని అడిగాడు. అత్తే చెప్పింది.

"మా ఇంటికి. సైకిలు షాపు మీద."

ఇప్పుడు పాపకి నాలుగో నెల. అమ్మమ్మ కట్టు విప్పేశారు. వేళ్లు బిగుసుకుపోకుండా రోజూ ఉన్ని ఉండ పట్టుకుని పిసకమన్నారు. నిన్న మధ్యాహ్నం ఆవిడ అలా పిసుకుతూ కూర్చుంటే, ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించాను. పాప పక్కనే పడుకుని స్వెటర్ చెయ్యి చప్పరిస్తోంది. అత్త లోపల ఫ్యాను విప్పి నేలమీద పరిచింది. అమ్మమ్మ మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు, కానీ ఆపమనలేదు.

చదవడం అయ్యాక అడిగాను. "అమ్మమ్మా, లెక్క చూస్తే నేను ఇరవై నాలుగో దగ్గరున్నాను. ఇంత కష్టపడి రాశాను కదా, నన్ను కాస్త ముందుకి, పోనీ తాతయ్య పక్కకి జరపకూడదా?"

ఆవిడ ఉండ పిసకడం ఆపలేదు.

"నీ వెనక నలుగురున్నారు. నువ్వు లేస్తే వాళ్లు జారిపోతారు. నోరు మూసుకుని ఉన్నచోటే ఉండు."